ఎనిమిది పుస్తకాల ఇరుకు గది

1957లో మార్టిన్ గుడ్‌మన్ కామిక్స్ వ్యాపారం దాదాపు మూతపడింది. తర్వాత మార్వెల్‌గా లోకమంతా ఎరిగిన కంపెనీ అదే. పుస్తకాలను ఊరూరా దుకాణాలకు చేరవేసే అమెరికన్ న్యూస్ కంపెనీ ఉన్నట్టుండి కుప్పకూలడంతో గుడ్‌మన్‌కు వేరే దారి లేకపోయింది. పోటీదారు డీసీ వాళ్ల పంపిణీ సంస్థ గడప తొక్కాడు. వాళ్లు సరేనన్నారు, కానీ నెలకు ఎనిమిది పుస్తకాలకు మించి తీసుకోలేమన్నారు.

ఆ ఎనిమిది పుస్తకాల ఇరుకులోంచే 1961లో ఫెంటాస్టిక్ ఫోర్, 1962లో స్పైడర్‌మేన్ పుట్టుకొచ్చారు. రాసేది చాలావరకు స్టాన్ లీ ఒక్కడే. గీసేది ప్రధానంగా జాక్ కర్బీ, స్టీవ్ డిట్కో. ఇంత చిన్న గదిలో పాత్రలు ఒకదానికొకటి తగలకుండా ఎలా ఉంటాయి? 1963లో వచ్చిన ‘ది అమేజింగ్ స్పైడర్‌మేన్’ మొదటి సంచిక చూడండి. పెద్దమ్మ మే చేతిలో ఇంటి అద్దెకు డబ్బుల్లేవు. కుర్రాడు పీటర్ పార్కర్ ముసుగు వేసుకుని ఫెంటాస్టిక్ ఫోర్ ఉండే భవనానికి వెళ్తాడు, ఉద్యోగం ఇమ్మని. తమ దగ్గర జీతాలు ఉండవని వాళ్లు చెప్పేసరికి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతాడు. మార్వెల్ ఉమ్మడి లోకానికి తొలి అతుకుల్లో అదొకటి. అద్దె బాకీ ఉన్న పిల్లాడు పని అడగడానికి పొరుగింటి తలుపు తట్టడం. దీనికి ముందుగా గీసిన పటం లేదు, ప్రకటన లేదు.

సూపర్‌హీరోల ఉమ్మడి లోకాలు కొన్ని ఎందుకు నిలవవో ఆలోచించిన ప్రతిసారీ నాకు ఆ సన్నివేశమే గుర్తొస్తుంది. తర్వాత వచ్చినవాళ్లు అందులోని కలయికను చూశారు గానీ అద్దె బాకీని చూడలేదు.

మొదట పొరపడినవాడు ఆ గుడ్‌మనే. 1968లో మార్వెల్‌ను అమ్మేసి, 1974లో సీబోర్డ్ అనే కొత్త కంపెనీ పెట్టాడు. పుస్తకాల మీద అట్లాస్ పేరు వేశాడు. మార్వెల్, డీసీల కంటే మంచి పారితోషికం ఇచ్చాడు. చిత్రకారులకు వాళ్ల అసలు బొమ్మలు తిరిగి ఇచ్చాడు. అప్పట్లో అది చిన్న విషయం కాదు. కానీ ఇరవైకి పైగా శీర్షికలను ఒక్కసారిగా దుకాణాల మీద కుమ్మరించాడు. ఏ ఒక్కటీ నాలుగు సంచికలు దాటలేదు. కొన్నింటిలో రెండో మూడో సంచికకే రచయిత మారాడు, హీరో స్వభావమూ మారిపోయింది. 1975 చివరికి అంతా అయిపోయింది.

అసలు పాఠం 1986లో ఉంది. మార్వెల్ పేరు పెట్టుకుని 25 ఏళ్లయిన సందర్భంగా, అప్పటి ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ‘న్యూ యూనివర్స్’ మొదలుపెట్టాడు. ఇందులోనూ ఎనిమిది పుస్తకాలే. అప్పటి ఎనిమిది అవతలివాడు విధించిన హద్దు, ఇప్పటి ఎనిమిది ఒకేసారి తెరిచిన దుకాణాలు. ఆలోచన మాత్రం నిజంగా గొప్పది. ఆ లోకంలో దేవతలు లేరు, గ్రహాంతరవాసులు లేరు, మంత్రాలు లేవు. మన కిటికీ బయట కనిపించే ప్రపంచమే. 1986 జూలై 22న ఆకాశంలో ఒక తెల్లని వెలుగు మెరుస్తుంది, కొందరు మామూలు మనుషులకు శక్తులు వస్తాయి. మన ప్రపంచంలో నెల గడిస్తే అక్కడా నెల గడవాలన్నది నియమం. ప్రధాన కథ ‘స్టార్ బ్రాండ్’లో హీరో పిట్స్‌బర్గ్‌లోని కార్ల మెకానిక్. షూటర్‌దీ ఆ ప్రాంతమే.

బడ్జెట్‌ను యాజమాన్యం కోసేసిందని షూటర్ తర్వాత చెప్పాడు. అనుకున్న రచయితలు, చిత్రకారులు చాలామంది రాలేదు. మొదటి ఏడాది తిరిగేసరికి సగం పుస్తకాలు ఆగిపోయాయి. 1987లో షూటర్‌నే పంపించేశారు. తర్వాత ‘స్టార్ బ్రాండ్’ పగ్గాలు జాన్ బిర్న్ చేతికి వచ్చాయి. ఆ తర్వాత ‘ది పిట్’ అనే కథలో పిట్స్‌బర్గ్ నగరం నగరమంతా నేలమట్టమై పెద్ద గొయ్యిగా మిగిలింది. ఆ కథ బలమైనదే. కానీ పిట్స్‌బర్గ్ లేని ప్రపంచం ఇక పాఠకుడి కిటికీ బయట ఉండేది కాదు. ఏ మాట మీద ఆ లోకాన్ని కట్టారో ఆ మాటే పోయింది. 1989లో మూసేశారు.

అదే శిథిలాల మధ్య ‘డి.పి.7’ అనే పుస్తకం 32 సంచికలూ మార్క్ గ్రూన్‌వాల్డ్ రచనతో, ప్రధానంగా పాల్ రయాన్ బొమ్మలతో నడిచింది. శక్తులు వచ్చి, ఏం చేయాలో తెలియక చికిత్సాలయం చేరిన ఏడుగురి కథ అది. చేతులు మారలేదు, కాబట్టి మనుషులు మారలేదు. ఆ లోకంలో ఈనాటికీ అభిమానంతో తలుచుకునేది దీన్నే అంటే నాకు ఆశ్చర్యం లేదు.

షూటర్ ఊరుకోలేదు. 1989లో భాగస్వాములతో కలిసి వాలియంట్ స్థాపించాడు. 1991లో గోల్డ్ కీ అనే కంపెనీ పాత హీరోలు మాగ్నస్, సోలార్‌లను అనుమతి తీసుకుని తెచ్చాడు. 1992లో ‘హార్బింజర్’, ‘ఎక్స్-ఓ మానోవార్’ వంటి సొంత కథలు మొదలయ్యాయి. ఈసారి ఒక్కొక్కటిగా, నిదానంగా. ‘హార్బింజర్’ తొలి ఆరు సంచికల్లో ఒక్కో కూపన్ ఉండేది. ఆరూ కత్తిరించి పోస్టులో పంపితే సున్నా సంచిక ఉచితంగా వచ్చేది. ప్రేమతో చదివినవాళ్లు కత్తెర పట్టారు. దాంతో కూపన్ చెక్కుచెదరని ప్రతులు అరుదైపోయి, ధర ఆకాశానికి ఎగిరింది. చదివి కత్తిరించిన ప్రతికి విలువ పోయింది, చదవకుండా కవరులో దాచిన ప్రతికి విలువ పెరిగింది. వాలియంట్‌ను పైకి లేపిందీ అలా దాచుకునే మోజే, కింద పడేసిందీ అదే.

1992లోనే భాగస్వాములతో చెడి షూటర్ బయటికి వెళ్లాడు. 1993లో వాలియంట్ వాళ్లు ‘టురోక్’ మొదటి సంచికను 15 లక్షలకు పైగా అచ్చువేశారు. దుకాణాల లెక్క ఇక్కడ తెలియాలి. కామిక్స్ దుకాణదారు టోకున తెచ్చిన పుస్తకం అమ్ముడుపోకపోతే వెనక్కి పంపలేడు, ఆ నష్టం అతనిదే. అటకల మీద ‘టురోక్’ కట్టలు పేరుకుపోయాయి. అదే ఏడాది వాలియంట్, ఇమేజ్ అనే మరో కంపెనీ కలిసి తెచ్చిన ‘డెత్‌మేట్’ నెలల తరబడి ఆలస్యమై, డబ్బు కట్టిన దుకాణాలను ముంచింది. 1994లో అక్లెయిమ్ అనే వీడియో గేమ్‌ల కంపెనీ వాలియంట్‌ను 6.5 కోట్ల డాలర్లకు కొని, కథలను తిరగరాయించింది. పదేళ్లకు ఆ కంపెనీయే దివాలా తీసింది. 2012లో కొత్త యజమానులు వాలియంట్‌ను మళ్లీ నిలబెట్టే ప్రయత్నం చేశారు.

1993లో ఇంకెన్ని లోకాలు పుట్టాయో చూడండి. మాలిబు వాళ్ల అల్ట్రావర్స్, డార్క్ హార్స్ వాళ్ల కామిక్స్ గ్రేటెస్ట్ వరల్డ్, షూటర్ మళ్లీ పెట్టిన డిఫయెంట్. వీటన్నిటికంటే నాకు బాధ కలిగించేది మైల్‌స్టోన్. డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్ అనే నలుగురు నల్లజాతి మిత్రులు డకోటా అనే ఊహానగరాన్ని సృష్టించారు. అచ్చు, పంపిణీ డీసీవి, హక్కులు వాళ్లవి. అక్కడి ‘స్టాటిక్’ బడికి వెళ్లే కుర్రాడు, పీటర్ పార్కర్‌కు అసలైన వారసుడు. అందులో కథ లేదని ఎవరూ అనలేరు.

పోయింది బజారు. 1994 చివర్లో మార్వెల్ ఒక పంపిణీ సంస్థను కొని తన సరుకంతా దాని ద్వారానే అంది. మిగతా పెద్ద కంపెనీలు డైమండ్ అనే మరో పంపిణీ సంస్థ వైపు వెళ్లాయి. వాటి మధ్య చిన్న సంస్థలు నలిగిపోయాయి, ఎన్నో దుకాణాలు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెలే దివాలా పిటిషన్ వేసింది. తను కొన్న అల్ట్రావర్స్‌ను అంతకుముందే చేజేతులా మార్చి చంపేసింది. 1997లో మైల్‌స్టోన్ పుస్తకాలూ ఆగాయి. కాబట్టి మంచి కథ ఉంటే చాలనేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే కథ ఉన్నవాడు తిరిగి లేస్తాడు. 2000లో ‘స్టాటిక్’ కథ ‘స్టాటిక్ షాక్’ అనే కార్టూన్‌గా టీవీలోకి వచ్చి నాలుగేళ్లు నడిచింది. 2021లో మైల్‌స్టోన్ పుస్తకాలు మళ్లీ వచ్చాయి.

ఫ్లోరిడాలోని క్రాస్‌జెన్ అనే కంపెనీకి అలా జరగలేదు. మార్క్ అలెస్సీ అనే సంపన్నుడు రచయితలను, చిత్రకారులను నెలజీతాల మీద ఒకే కార్యాలయంలో కూర్చోబెట్టి 2000లో పుస్తకాలు తెచ్చాడు. ఒకే ముద్ర కథ కథలోనూ కనిపించేలా అన్నీ ముందే రాసిపెట్టుకున్నారు. 2004లో దివాలా. అన్ని కథలనూ కలపాల్సిన ‘నెగేషన్ వార్’ రెండు సంచికలతో ఆగింది. పాఠకులకు ముగింపు దక్కలేదు. ఆస్తులు డిస్నీకి పోయాయి.

ఇప్పుడు ఈ సంగతి మనదీ అయింది. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’తో ప్రశాంత్ వర్మ తెలుగు తెరమీద సూపర్‌హీరోల ఉమ్మడి లోకం మొదలుపెట్టాడు. తర్వాతి సినిమాల పేర్లూ ప్రకటించాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత పుట్టిన భాషలో ఈ పని జరుగుతోంది. ఆ సినిమాలోని అంజనాద్రి ఊరి కుర్రాడి కథ జనానికి నచ్చింది, అదే పెద్ద పెట్టుబడి. ఆ బృందానికి నాదొక్కటే మనవి. రెండో హీరో మొదటివాడి గుమ్మంలోకి వచ్చే రోజున, ఏదైనా నిజమైన అవసరం మీద రానివ్వండి.