ముందు చక్రాల తాళం

వాహనం మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం లోపలివైపు చక్రం కంటే ఎక్కువ దూరం నడవవలసి ఉంటుంది. ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాలకు ఇది సాధ్యం కాదు గనుక, ఇరుసును రెండు ముక్కలు చేసి వాటి నడుమ పళ్లచక్రాల అమరికనొకదాన్ని ఉంచి, రెండు వైపులా వేర్వేరు వేగాలతో తిరిగే వీలు కల్పించారు. డిఫరెన్షియల్ అనే ఈ అమరికను ఫ్రాన్స్‌కు చెందిన ఓనెసిఫోర్ పెక్కేర్ 1820ల చివరలో ఆవిరి బండి కోసం రూపొందించాడు. చక్కని రోడ్డు మీద దానికి సాటి లేకపోయినా, బురదలో అదే గుణం లోపమవుతుంది. పట్టు దొరకని చక్రం ఊరికే గిరగిరా తిరుగుతుంటే, గట్టి నేల మీదున్న చక్రానికి కూడా అంతే అల్పమైన బలం అందుతుంది; బండి కదలదు.

ఈ లోపాన్ని అధిగమించడానికి ఎంచుకున్న దారులలో ముందు చక్రాలకు కూడా ఇంజను శక్తిని అందించడం ఒకటి. 1903 నాటి డచ్చి స్పైకర్ కారు, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం క్లింటన్‌విల్‌లో ఒట్టో జాఖో, విలియం బెసర్డిక్ 1908లో పేటెంట్ పొందిన నిర్మాణం ఈ దారిలో తొలి మైలురాళ్లు. అయితే ఈ పద్ధతిని లక్షల మంది చేతుల్లోకి తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధమే. 1941–45 మధ్య విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి దాదాపు 6.4 లక్షల జీపులు తయారు చేశాయి. గేరుబాక్సు వెనక ఉండి శక్తిని ముందుకూ వెనక్కూ పంచే పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. జీపులో దానికున్న ఒక లివరుతో ముందు చక్రాలకు శక్తిని కలపవచ్చు, తీసివేయవచ్చు. కలిపినప్పుడు ముందు, వెనక షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరగక తప్పదు. ముందు చక్రాలు మలుపులో ఎక్కువ దూరం నడుస్తాయి గనుక ఆ తేడా బురదలోనైతే కాస్త జారి సర్దుకుంటుంది గాని, పొడి తారు రోడ్డు మీద ఆ ఒత్తిడి పళ్లలోనూ షాఫ్టులలోనూ పేరుకుని, లివరు బిగుసుకుపోవడం నుంచి భాగాలు విరగడం దాకా తీసుకువెళ్తుంది.

యుద్ధం ముగిశాక మిగులు జీపులు అమెరికా రైతుల చేతికీ, అడవి పనుల వారి చేతికీ వచ్చినప్పుడు మరో చిక్కు బయటపడింది. లివరు తీసినా ముందు చక్రాలు నేల మీద దొర్లుతూనే ఉంటాయి. వాటితోపాటు సగం ఇరుసులు, డిఫరెన్షియల్‌లోని క్రౌను, పినియను, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు అన్నీ ఏ పనీ లేకుండా తిరుగుతూ అరిగిపోతాయి, చప్పుడు చేస్తాయి, పెట్రోలు తింటాయి. యుద్ధరంగంలో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. రోజూ పొలం నుంచి ఊరికి తారు రోడ్డు మీద తిరిగే రైతు పట్టించుకోక తప్పలేదు. అమెరికా వాయవ్య మూలనున్న సియాటెల్‌లో ఆర్థర్ వార్న్ 1948లో స్థాపించిన సంస్థకు పునాది ఈ అవసరమే. చక్రం మధ్యభాగమైన హబ్‌కూ ఇరుసుకూ ఉన్న శాశ్వత బంధాన్ని తొలగించి, ఆ స్థానంలో కోరినప్పుడు కలిపి, అక్కరలేనప్పుడు విడదీసే గాడుల జోడును అమర్చడమే లాకింగ్ హబ్ సారాంశం. విడదీస్తే చక్రం తన బేరింగుల మీద ఒంటరిగా దొర్లుతుంది, లోపలి యంత్రాంగమంతా నిశ్చలంగా ఉంటుంది.

దీన్ని వాడే క్రమం మొరటుదే. బండి ఆపి, దిగి, రెండు ముందు చక్రాల నడుమనున్న బిళ్లలను చేత్తో లాక్ గుర్తు వైపు తిప్పి, మళ్లీ ఎక్కి లివరు వేయాలి. ఒకవైపు మాత్రమే తిప్పి రెండో వైపు మరిచిపోతే, వదులుగా ఉన్న ఇరుసు ముక్క అడ్డు లేకుండా తిరిగి, డిఫరెన్షియల్ స్వభావం వల్లనే బిగించిన చక్రానికీ బలం అందదు. హబ్ బిగించడం డిఫరెన్షియల్‌ను బిగించడం కాదన్న భేదాన్ని చాలామంది గుర్తించరు. హబ్‌లు రెండూ సక్రమంగా బిగించినా, ముందొక చక్రం, వెనకొక చక్రం పట్టు తప్పితే నాలుగు చక్రాల బండి కూడా నిలిచిపోతుంది. ఆ సమస్యను తీర్చే లాకింగ్ డిఫరెన్షియల్ ఇరుసు రెండు ముక్కలనూ ఒకటిగా కట్టేస్తుంది; ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ సంస్థ గాలి ఒత్తిడితో, డ్రైవరు మీట నొక్కగానే పనిచేసే రకాన్ని 1980ల చివరి నుంచి ప్రచారంలోకి తెచ్చింది.

బ్రిటన్ మొదట వేరే దారి తొక్కింది. 1948 నాటి ల్యాండ్ రోవర్‌లో నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందేది. మలుపుల్లో ముందు చక్రాలు స్వేచ్ఛగా ముందుకు దూసుకుపోయేలా ఒక ఫ్రీవీల్ ఉండేది, దాన్ని బిగించడానికి డ్రైవరు పాదాల దగ్గర లాగే రింగు ఉండేది. తెలివైన ఆలోచనే గాని 1950లోనే దాన్ని విరమించి లివరు పద్ధతికి మారారు. ఆ తరువాత ఫెయిరీ సంస్థ తయారుచేసిన ఫ్రీవీలింగ్ హబ్‌లను ఎందరో యజమానులు విడిగా కొని బిగించుకున్నారు.

మన దేశంలో మహీంద్రా సంస్థ 1947 నుంచి విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బిగించడంతో నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే యంత్రాంగం పరిచయమైంది. 1985లో వచ్చిన మారుతి జిప్సీ ముందు చక్రాలకు చేత్తో తిప్పే హబ్‌లు ఉండేవి. వాన కురుస్తుండగా బురదలోకి దిగి బిళ్ల తిప్పడం ఎవరికీ ఇష్టం కాదు గనుక, 1980లలో అమెరికా తయారీదారులు తమంతట తామే కలిసే హబ్‌ల వైపూ, జీప్ సంస్థ ఇంజను శూన్యపీడనంతో ఇరుసు మధ్యలోనే విడదీసే పద్ధతి వైపూ మళ్లారు. సౌకర్యం పెరిగిన మాట వాస్తవమే. అయితే ఒక సన్నని రబ్బరు గొట్టానికి చిల్లి పడితే ముందు చక్రాలు కలవవు, ఆ సంగతి డ్రైవరుకు బురదలో దిగబడ్డాక గాని తెలియదు. చేతి హబ్ ఏ స్థితిలో ఉందో కంటికి కనిపిస్తుంది, వేలికి తెలుస్తుంది. దారి లేని చోటికి వెళ్లే బండికి ఈ గుణమే ప్రధానం. ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కుల ముందు హబ్‌లు ఇప్పుడు శూన్యపీడనంతో తమంతట తామే కలుస్తున్నా, చేత్తో తిప్పి బిగించే బిళ్లను మాత్రం ఆ సంస్థ తీసివేయలేదు.