ఒకే ట్యాంకులో మురుగు, తడి చెత్త

మురుగు నుంచి మండే గ్యాస్ వస్తుందని నగరాలకు తెలిసి నూట పాతికేళ్ళు దాటింది. 1890లలో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ కట్టిన సెప్టిక్ ట్యాంకు గ్యాసుతో దీపాలు వెలిగించారు. 1897లో బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలోనూ మురుగు గ్యాసును వాడుకున్నారు. 1920లు ముగిసేలోపే జర్మనీలోని ఎస్సెన్‌లో మురుగు బురదను వేరే ట్యాంకులో వెచ్చగా ఉంచి గ్యాస్ రాబట్టే పద్ధతి నిలదొక్కుకుంది. వంటింటి చెత్తను నూరి ఆ బురదతో కలిపి కుళ్ళబెడితే ఏమవుతుందో పరీక్షించి, 1936లో ఇల్లినాయి విశ్వవిద్యాలయం ఒక నివేదికే ప్రచురించింది. అంటే మురుగునూ తడి చెత్తనూ కలిపి ఇంధనం తీయడం కొత్త ఆలోచన కాదు. అది నగరాల్లో ఇన్నేళ్ళు ఎందుకు వేళ్ళూనుకోలేదన్నదే అసలు ప్రశ్న. లోపం శాస్త్రంలో కన్నా పాలనలో ఎక్కువగా ఉందని ఈ చరిత్ర చూస్తే నాకు అనిపిస్తుంది.

శాస్త్రం సంగతి మొదట చూద్దాం. శుద్ధి కేంద్రంలో మిగిలే బురదలో చాలా భాగం అప్పటికే ఒకసారి అరిగిపోయిన పదార్థం. మనిషి కడుపులో కొంత, గాలి ఊదే ట్యాంకుల్లో సూక్ష్మజీవుల వల్ల కొంత శక్తి ఖర్చయిపోయి ఉంటుంది. అందులో నత్రజని ఎక్కువ, కార్బన్ తక్కువ. హోటల్లో మిగిలిన అన్నం, కూర, నూనె ఇందుకు పూర్తిగా విరుద్ధం. వాటిలో శక్తి పుష్కలంగా ఉంటుంది. కానీ వాటిని విడిగా మూతపెట్టిన ట్యాంకులో వేస్తే త్వరగా పులిసిపోతాయి. ఆ పులుపు ఎక్కువైతే మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు పని ఆపేస్తాయి. బురదలోని క్షారగుణం ఆ పులుపును అదుపులో పెడుతుంది, సూక్ష్మజీవులకు కావలసిన నికెల్, కోబాల్ట్ వంటి లోహాలను కాస్తంత అందిస్తుంది. ఒకదాని కొరతను రెండోది తీరుస్తుంది కాబట్టే ఈ కలయిక నిలుస్తుంది.

ఈ సంగతి తెలిసీ అమెరికా ఈ దారిలో ఎంతో దూరం వెళ్ళలేదు. 1950లో ఇండియానాలోని జాస్పర్ పట్టణం ఇంటింటా సింకు కింద చెత్త నూరే యంత్రాలు పెట్టించి, చెత్తను మురుగు కాలువల్లోకే పంపింది. అయితే చౌక చమురు, చౌక డంపింగ్ స్థలాలు దొరికిన ఆ రోజుల్లో గ్యాస్ కోసం శ్రమపడే అవసరం చాలా నగరాలకు కనిపించలేదు. మళ్ళీ కదలిక తెచ్చిన కథల్లో ముఖ్యమైనది కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌ది. అక్కడి ఈస్ట్ బే సంస్థ మురుగు శుద్ధి కేంద్రం 1951లో మొదలైంది. పండ్లు, కూరగాయలు డబ్బాల్లో నింపే కర్మాగారాల మురుగును కూడా తట్టుకునేలా దాన్ని పెద్దదిగా కట్టారు. కాలక్రమంలో ఆ కర్మాగారాలు మూతపడి, బురదను కుళ్ళబెట్టి గ్యాస్ తీసే మూత ట్యాంకుల్లో, అంటే డైజెస్టర్లలో, జాగా మిగిలిపోయింది. 2000ల తొలి ఏళ్ళలో ఆ జాగాలోకి ట్యాంకర్లలో కోళ్ళ రక్తం, వైన్ తయారీ వ్యర్థాలు, హోటళ్ళ కొవ్వు రావడం మొదలైంది. దించుకున్నందుకు సంస్థకు రుసుము వచ్చింది, గ్యాసూ పెరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు హోటళ్ళ తిండి వ్యర్థాలనూ నూరి కలిపి చూశారు. అవి మురుగు బురదకు సుమారు మూడు రెట్లు మీథేన్ ఇస్తాయని 2008లో అక్కడి పరీక్షలు తేల్చాయి. 2012లో ఆ కేంద్రం తనకు కావలసిన దానికన్నా ఎక్కువ విద్యుత్తు ఉత్పత్తి చేసింది. ఉత్తర అమెరికాలో ఆ స్థాయికి చేరిన తొలి మురుగు కేంద్రం అదే. అయితే ఆ విజయంలో పెద్ద వాటా ట్యాంకర్లలో వచ్చిన పారిశ్రామిక ద్రవ వ్యర్థాలదేనని మరవకూడదు. ఇళ్ళ చెత్తలో వచ్చే చెంచాలు, ప్లాస్టిక్ సంచులు, ఎముకలు, ఇసుక పంపుల్ని అరగదీస్తాయి. వాటిని ఏరి తీసే ఖర్చు గ్యాస్ లాభాన్ని తినేస్తుంది.

న్యూయార్క్ అనుభవం శాఖల మధ్య దూరాన్ని చూపిస్తుంది. అక్కడ చెత్త ఒక శాఖది, మురుగు మరో శాఖది, గ్యాస్ పైపులు ప్రైవేటు సంస్థవి. న్యూటౌన్ క్రీక్ కేంద్రంలో గుడ్డు ఆకారపు ఎనిమిది డైజెస్టర్లున్నాయి. వాటిలోకి తిండి వ్యర్థాలు పంపి, వచ్చే గ్యాసును ఇళ్ళకు చేర్చే పథకాన్ని 2013లో ప్రకటించారు. గ్యాస్ నగర పైపుల్లోకి చేరింది మాత్రం 2023లో. ఆ పదేళ్ళు మిగులు గ్యాసును గాల్లో తగలబెట్టారు.

మురుగుతో తిండి వ్యర్థాన్ని కలపడానికి గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. తిండి వ్యర్థాన్ని కంపోస్టు చేస్తే నేలకు మేలు కదా, మురుగుతో ఎందుకు మైల చేయాలని అడిగేవారి మాటలో న్యాయముంది. బురదలో భారలోహాలుంటే చివర మిగిలే ఎరువు పొలానికి పనికిరాదు. అందుకే శుభ్రమైన కూరగాయల చెత్తను విడిగా వాడుకోవడమే మేలు. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిజ్ఞానంతో రోజుకు దాదాపు 10 టన్నుల కూరగాయల వ్యర్థం నుంచి గ్యాస్ తీస్తున్నది అలాగే. మురుగుతో కలపాల్సింది నూనె, ఉప్పు, మాంసం కలిసిపోయి కంపోస్టుకు ఇబ్బంది పెట్టే హోటల్ వ్యర్థాన్ని. రెండో అభ్యంతరం అమ్మోనియా గురించి. డైజెస్టర్ నుంచి తిరిగొచ్చే నీటిలో నత్రజని పెరిగి శుద్ధికి అదనపు కరెంటు కావాలి. ఇది నిజమే కనుక కలిపే చెత్త ఆ కేంద్రం మోయగలిగినంత వరకే ఉండాలి. చిన్న శుద్ధి కేంద్రాలకు అసలు డైజెస్టరే ఉండదన్నదీ నిజమే. నాసిక్ మరో మార్గం చూపింది. 2017లో అక్కడ సెప్టిక్ ట్యాంకుల మలవ్యర్థాన్నీ హోటళ్ళ తిండి వ్యర్థాన్నీ కలిపి రోజుకు 30 టన్నులు వాడుకునేలా ప్లాంటు నెలకొల్పారు. దానికి ముందుగా పెద్ద మురుగు కేంద్రం అవసరం లేదు.

హైదరాబాద్‌లో మురుగు జలమండలిది, చెత్త మున్సిపాలిటీది. అంబర్‌పేట వంటి పెద్ద కేంద్రాల దగ్గర ఈ కలయిక గురించి ఆలోచించాలంటే ట్యాంకు గీతలు గీయడానికి ముందే మూడు లెక్కలు తేలాలి: హోటల్ వ్యర్థం తెచ్చి దించినందుకు ఎవరు ఎంత చెల్లించాలి, ప్లాస్టిక్ ఏరే ఖర్చు ఎవరిది, వచ్చిన గ్యాస్ ఎవరి ఖాతాలో పడాలి. ఓక్లాండ్‌లో ట్యాంకర్ దించినవాడి నుంచే రుసుము వచ్చింది కాబట్టి పథకం గ్యాస్ ధర మీదే ఆధారపడలేదు. మన దగ్గర వేసే టెండర్లలోనూ ఆ రుసుము మొదటి పేజీలోనే ఉండాలి.