గుహాచిత్రములు – పాండవుల గుట్ట

అక్షరము పుట్టుటకు వేలయేండ్ల పూర్వమే మానవుడు బొమ్మను గీచెను. గుహాచిత్రములన్నంతనే ఐరోపాఖండము స్ఫురించుట సహజము. స్పెయిను దేశమందలి అల్టమీరా చిత్రములు 1879లో కనుగొనబడెను. వాని ప్రాచీనతను పండితలోకము 1902లో గాని అంగీకరింపలేదు. అయితే 1867-68 నాటికే ఆర్చిబాల్డ్ కార్లైల్ వింధ్యాద్రియందలి సొహాగీఘాట్‌లో ఇట్టి చిత్రములను గుర్తించియుండెను. ఆతని వ్రాతలు చిరకాలము అచ్చునకు నోచుకొనలేదు. మీర్జాపూరు బండపైనున్న ఖడ్గమృగపు వేటను గూర్చి జాన్ కాక్‌బర్న్ రచించిన వ్యాసము 1883లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడెను. భవానీపురమునకు అనతిదూరమున, పార్క్ వీధిలో, ఆ సొసైటీ నేటికిని విలసిల్లుచున్నది.

తెలుగునాటను ఈ సంపదకు కొదవలేదు. కడప జిల్లాలో చింతకుంట, కర్నూలు ప్రాంతమున కేతవరము, భూపాలపల్లి జిల్లాలో పాండవుల గుట్ట ఇందులకు నిదర్శనములు. పాండవుల గుట్ట చిత్రములు 1990లో పురాతత్త్వజ్ఞుల దృష్టికి వచ్చినవి. ఇసుకరాతి చరియలపై అడవిదున్న, జింక, పులి మున్నగు మృగములును, వలయములు, చతురస్రములు మొదలగు గుర్తులును కానవచ్చును. అదే గుట్టపై తరువాతి కాలమువారు భారతకథను చిత్రించిరి. ఆ చిత్రములలో జేగురు ఎఱుపే గాక ఇతర వర్ణములును గలవు.

వీనిని ఏల గీచిరి? వేట ఫలించుటకని కొందఱు, పూజకని కొందఱు, పిల్లలకు విద్య గఱపుటకని మఱికొందఱు ఊహించిరి. గీచినవారు సమాధానము వ్రాసిపెట్టలేదు. కాని పరిసర గ్రామీణులు పండితులకై వేచియుండలేదు. ఒక గుండునకు పంచపాండవుల పేరిడిరి, ఒక గుహను గొంతెమ్మ గుహయనిరి. కర్తలెవరో తెలియని బొమ్మలను తమ కథలోనికి చేర్చుకొనిరి. చరిత్రదృష్టికి ఇది సరికాకపోవచ్చును. కాని ఆ కొండ తమదను భావము ఆ పేరులోనే యున్నది.

నేటి విద్యావంతులలో కొందఱు చేయుచున్నది దీనికి విపరీతము. గ్రామీణుడు బండకు పేరు పెట్టెను. విహారమునకు వచ్చినవాడు బండపై తన పేరు చెక్కుచున్నాడు. వేలయేండ్లు ఎండవానలకోర్చిన రేఖ ఒక్క మేకుమొనకు మాసిపోవును. పోయిన తాళపత్రమునకు వేఱొకచోట ప్రతి దొరకవచ్చును. పోయిన బండబొమ్మకు ప్రతి లేదు.

సంక్రాంతినాడు వాకిట ముగ్గు తీర్చు తెలుగింటి ఆడుబిడ్డ ప్రతి గీతకును అర్థము చెప్పలేకపోవచ్చును. అయినను ఆ ముగ్గును త్రొక్కక తొలగి నడచుట మన మర్యాద. అర్థము తెలియని గీతను గౌరవించుట తెలిసిన జాతికి, ఆ కొండగీతలపట్ల అదే మర్యాదను పాటించుట కష్టము కారాదు.