తాళం మీద మాట: ర్యాప్ అభిరుచికి ఒక ఆధారం

ర్యాప్ బాగుందో లేదో తేల్చడానికి శ్రోతలు తరచూ వాడే కొలతలు రెండు: చెప్పిన విషయం, చెప్పిన వేగం. ఇవి పనికిరానివని కాదు గానీ, రెండూ ర్యాప్‌కే ప్రత్యేకమైనవి కావు. విషయం కరపత్రంలోనూ ఉంటుంది, వేగం వేలంపాటలోనూ ఉంటుంది. తాళానికీ మాటకూ మధ్య సంబంధమే ర్యాప్‌ను వినదగినదిగా చేస్తుందని ఈ వ్యాసం వాదన. మాట సరిగ్గా దెబ్బ మీద పడుతోందా, కాస్త ముందా, వెనకా? ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు? ర్యాపర్లు ‘ఫ్లో’ అనేది దీన్నే.

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూలో డీజే కూల్ హర్క్ నడిపిన పార్టీని హిప్‌హాప్ పుట్టుకగా చెప్పుకుంటారు. అప్పట్లో రికార్డుదే రాజ్యం. మైకు పట్టినవాడి పని నాట్యం చేసేవాళ్లను హుషారెత్తించడం. 1979లో వచ్చిన ‘రాపర్స్ డిలైట్’లో చాలా పాదాలు నాలుగు దెబ్బలకు ముగుస్తాయి, ప్రాస చివరి దెబ్బ దగ్గర పడుతుంది. ఎనభైల నడుమ రన్-డీఎంసీ బృందం గొంతు పెంచి ఆ చివరి దెబ్బనే ఇంకా గట్టిగా కొట్టింది. ర్యాపర్ రాకిమ్ ఈ చివరి దెబ్బ పట్టును విప్పేశాడు. డీజే ఎరిక్ బీతో కలిసి 1987లో తెచ్చిన ‘పెయిడ్ ఇన్ ఫుల్’లో అతని గొంతు పైకి లేవదు. వాక్యం నాలుగో దెబ్బ దగ్గర ఆగకుండా తరువాతి ఆవర్తంలోకి జారిపోతుంది, ప్రాస పాదం మధ్యలోనే తగిలి చివర మళ్లీ పలుకుతుంది. అతను చిన్నప్పుడు శాక్సోఫోన్ వాయించినవాడు, జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు కోల్ట్రేన్ అభిమాని కావడం ఇక్కడ కాకతాళీయం కాదు. వృత్తపద్యం చదివిన తెలుగు పాఠకుడికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మన ప్రాస పాదం రెండో అక్షరంలో ఉంటుంది. పాదాంతంలో ఆగితీరాలన్న నియమం లేదు గనుక, వాక్యమే కాదు, ఒక్కోసారి పదమే విరిగి కింది పాదంలోకి దిగుతుంది. తేడా ఏమిటంటే వృత్తంలో గణాలు ముందే నిర్ణయమై ఉంటాయి. ర్యాప్‌లో స్థిరమైనది దెబ్బ ఒక్కటే. రెండు దెబ్బల మధ్య ఎన్ని అక్షరాలు ఇమిడ్చాలో పాడేవాడి ఇష్టం.

విషయబలం వల్లే నిలిచిన ర్యాప్‌కు ఉదాహరణగా 1982 నాటి ‘ది మెసేజ్’ను చూపిస్తారు. పేదరికం గురించిన పాట అది, నిజమే. కానీ అప్పటి డాన్స్ రికార్డుల కంటే దాని నడక నెమ్మది. పాదాల మధ్య వదిలిన ఖాళీలో చెప్పిన మాట ఇంకుతుంది. ఇదే విషయం మీద వచ్చిన పాటలన్నీ నిలవలేదంటే, విషయం ఒక్కటే కారణం కాదన్నమాట. వేగం సంగతీ అంతే. ఎమినెం ‘ర్యాప్ గాడ్’ (2013) 6 నిమిషాల 4 సెకన్లలో 1,560 మాటలతో గిన్నిస్‌కెక్కింది. అందులో ఒళ్లు జలదరించేది ఆ మొత్తం లెక్క కాదు, మామూలు నడకలోంచి ఒక్కసారిగా పరుగందుకునే మలుపు. దీనికి పూర్తిగా అటువైపున ర్యాపర్ ఎంఎఫ్ డూమ్ ఉన్నాడు. సంగీత నిర్మాత మ్యాడ్‌లిబ్‌తో చేసిన ‘మ్యాడ్‌విలెనీ’ (2004)లో 22 ట్రాకులున్నా మొత్తం నిడివి గంట లేదు, పల్లవులు దాదాపు లేవు. నిద్రమొహంతో గొణుగుతున్నట్టుండే ఆ గొంతు దెబ్బకు కాస్త వెనగ్గా నడుస్తుంది. ఒక్క అక్షరం కాదు, నాలుగైదు అక్షరాల గుంపులు ప్రాసలో కలుస్తాయి. మొదటిసారి వింటే అలసత్వంగా తోస్తుంది. నాకు మాత్రం వేగం కంటే ఈ అలసత్వమే ప్రియం.

ఇదంతా వ్యక్తిగత రుచి కదా అనవచ్చు. అవును, డూమ్‌ను ఎమినెం కంటే పైన పెట్టడం నా రుచి, దాన్ని రుజువు చేయలేను. అయితే ప్రాస ఎక్కడ పడింది, మాట దెబ్బకు ఎంత వెనక ఉంది అన్నవి రికార్డులోనే ఉన్నాయి. ఎవరైనా చూపించవచ్చు, ఎవరైనా సరిచూసుకోవచ్చు. రుచికి ప్రమాణం నిర్ణయించేవారికి అభ్యాసం ఉండాలన్నాడు తత్వవేత్త హ్యూమ్ 1757లో. అభ్యాసమూ అలవాటే, ఏదైనా పదేపదే వింటే నచ్చుతుంది అనేవారికి జవాబు రాకిమ్ తరువాతి చరిత్రలో ఉంది. అతని పద్ధతి వినేవాళ్లకు నచ్చి ఊరుకోలేదు. తోటి ర్యాపర్లు నేర్చుకుని వాడుకోగలిగారు. నేర్చుకోవడానికి అందులో ఏదో పనితనం లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

స్త్రీలను కించపరిచే, హింసను మెచ్చుకునే పాటల మాటేమిటన్నది అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ. పనితనం వాటికి క్షమాపణ కాలేదు. పైగా నేరాన్ని పెంచుతుంది: తాళంలో ఒదిగిన మాట మామూలు తిట్టు కంటే ఎక్కువకాలం నోట్లో ఆడుతుంది. నోటోరియస్ బీఐజీ ‘రెడీ టు డై’ (1994)లో కొన్ని పాటలను నైతికంగా తప్పుపట్టడం సులువే. అంత బరువైన గొంతు ఆ మాటలను అంత తేలిగ్గా ఎలా నడిపించిందో వినకుండా తప్పుపట్టే విమర్శకు, అవి మూడు దశాబ్దాల తరువాత కూడా ఎందుకు మోగుతున్నాయో అంతుబట్టదు.