కాలేజీ మెట్లు, ఆరడుగుల గోడ

పోలీసు కావాలంటే కాలేజీలో చేరాలని మా ఊళ్ళో చెబితే నవ్వేవారు. పోలీసు సెలక్షన్ అంటే మాకు తెలిసింది తెల్లవారుజామున పరుగు పందెం, ఛాతీ కొలత, ఎత్తు కొలత. కాలిఫోర్నియా వచ్చి ఒక కమ్యూనిటీ కాలేజీ గ్రంథాలయంలో పనికి కుదిరాక, నర్సింగ్ పుస్తకాల పక్కనే పోలీసు పుస్తకాలు సర్దుతూ ఈ సంగతి నెమ్మదిగా అర్థం చేసుకున్నాను. 'అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్' పేరుతో ఇక్కడ రెండేళ్ళ డిగ్రీ ఉంది. అది చదివినా చదవకపోయినా అకాడమీ శిక్షణ మాత్రం తప్పదు. ఆ అకాడమీల్లో చాలావాటిని కమ్యూనిటీ కాలేజీలే నడుపుతాయి. కనీసం 664 గంటలు శిక్షణ ఉండాలని రాష్ట్ర నియమం. చట్టం, తుపాకి, కారు నడపడం, రిపోర్టు రాయడం, గృహహింస కేసులో ఇంట్లోకి ఎలా అడుగు పెట్టాలో అన్నీ అందులోనే.

గుంటూరు నుంచి వచ్చిన నా స్నేహితురాలి కూతురు ఈ కోర్సులో చేరతానన్నప్పుడు వాళ్ళింట్లో వారం రోజులు పొయ్యి సరిగ్గా వెలగలేదు. "ఇంత దూరం వచ్చి ఇన్ని పాట్లు పడింది ఇందుకేనా అక్కా? నువ్వైనా చెప్పు దానికి" అంది తల్లి. పిల్ల మాత్రం నన్నే నిలదీసింది. "ఆంటీ, ఆడవాళ్ళ గురించి అన్నీ రాస్తారు కదా. ఆడవాళ్ళు పోలీసులవ్వాలా, వద్దా? అది చెప్పండి."

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా తరం తెలుగు స్త్రీలకు పోలీసు స్టేషన్ అంటే ముందు గుర్తొచ్చే పేరు రమీజాబీ. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఆమె మీద పోలీసులు అత్యాచారం చేశారు. భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు కర్ణాటకకు బదిలీ అయ్యాక నిందితులంతా విడుదలయ్యారు. అదే సమయంలో అందరూ తవ్విపోసింది ఆమె శీలాన్ని. ఇలాంటి జ్ఞాపకంతో పెరిగినవాళ్ళం, ఆ యూనిఫారం వేసుకుంటానన్న ఆడపిల్లకు ఏమని చెప్పాలి? అందుకే ఈ చదువు ఎక్కడ పుట్టిందో, అందులో స్త్రీల చోటు ఏమిటో వెతకడం మొదలుపెట్టాను.

కథ నేనుండే చోటికి దగ్గర్లోనే, బర్క్‌లీలో మొదలైంది. 1905లో అక్కడ పట్టణ మార్షల్‌గా ఎన్నికై, 1909లో పోలీసు చీఫ్ అయిన ఆగస్ట్ వోల్మర్ పెద్దగా చదువుకున్నవాడు కాదు. కానీ డాక్టరుకీ లాయరుకీ ఉన్నట్టే పోలీసుకీ చదువుండాలని పట్టుబట్టాడు. 1908లో తన సిబ్బంది కోసం బడి పెట్టాడు. 1916లో న్యాయశాస్త్ర ఆచార్యుడు అలెగ్జాండర్ మార్స్‌డెన్ కిడ్‌తో కలిసి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వేసవి తరగతులు ప్రారంభించాడు. విద్యార్థుల్ని ఉద్యోగంలోకి తీసుకుంటే జనం 'కాలేజీ పోలీసులు' అని వెక్కిరించారు. 1919లో వోల్మర్ చేర్చుకున్న నల్లజాతి యువకుడు వాల్టర్ గోర్డన్ పోలీసు ఉద్యోగం చేస్తూనే లా చదివాడు. తర్వాతి కాలంలో వర్జిన్ దీవులకు గవర్నరయ్యాడు. 1930లో శాన్ హోసే స్టేట్ కాలేజీలో పోలీసు శిక్షణ కోర్సు వచ్చింది.

ఈ గొప్ప కథలో ఆడవాళ్ళెక్కడ? ఉన్నారు. నిజానికి మగవాళ్ళకు కాలేజీ దారి పడకముందే వాళ్ళు చదువుకుని వచ్చి నిలబడ్డారు. 1908లో పోర్ట్‌లాండ్‌లో లోలా బాల్డ్విన్, 1910లో లాస్ ఏంజెలెస్‌లో ఆలిస్ స్టెబిన్స్ వెల్స్ పోలీసు ఉద్యోగంలో చేరారు. వెల్స్ క్రైస్తవ ధర్మశాస్త్రం చదివింది. వందమంది పౌరుల సంతకాలతో అర్జీ పెట్టుకుని ఉద్యోగం తెచ్చుకుంది. ట్రామ్ కారెక్కి బ్యాడ్జీ చూపిస్తే మొగుడి బ్యాడ్జీ దొంగతనంగా వాడుకుంటున్నావని కండక్టరు నిందించాడట. ఆ తర్వాతే ఆమెకు 'పోలీసు మహిళ, నంబర్ 1' అని బ్యాడ్జీ చేయించి ఇచ్చారు. యూనిఫారం ఆమే స్వయంగా కుట్టుకుంది. 1915లో పోలీసు స్త్రీల అంతర్జాతీయ సంఘం పెట్టింది. 1919లో అదే నగరంలో నల్లజాతి స్త్రీ జార్జియా యాన్ రాబిన్‌సన్ పోలీసు అయింది. బర్క్‌లీలో వోల్మర్ 1925లో ఎలిజబెత్ లాసింగ్‌ను తీసుకున్నాడు. ఆమె మానసిక వైద్యరంగంలో శిక్షణ పొందిన సామాజిక కార్యకర్త.

ఇక్కడే పితృస్వామ్యం తెలివి చూడాలి. చదువు మగ పోలీసుకు నిచ్చెన అయింది, ఆడ పోలీసుకు కంచె అయింది. "నువ్వు చదువుకున్నదానివి, సున్నిత మనస్కురాలివి, పిల్లల్నీ ఆడవాళ్ళనీ చూసుకో" అన్నారు. గస్తీ లేదు, పదోన్నతి లేదు. ఇంట్లో చేసే చాకిరీనే స్టేషన్‌లో ఇంకో గదిలోకి మార్చారు.

ఆ తొలి స్త్రీల గురించి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. వాళ్ళు వెళ్ళింది డాన్సు హాళ్ళకీ, స్కేటింగ్ రింకులకీ. అక్కడికి వచ్చే పేద, శ్రామిక ఆడపిల్లల నడవడిక మీద నిఘా పెట్టారు. రక్షణ పేరుతో సాటి స్త్రీల శీలానికి కాపలా కాశారు. ఆడదాన్ని ఆడదాని చేతే అదుపు చేయించడం మనకు కొత్తేమీ కాదు, అత్తాకోడళ్ళ కథంతా అదే. యూనిఫారంలోకి ఆడమనిషి వస్తే చాలు, న్యాయం దానంతటదే వస్తుందని నమ్మలేకపోవడానికి నాకిది ఒక కారణం.

కంచె దాటడానికి స్త్రీలు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. న్యూయార్క్‌లో ఫెలీషియా ష్ప్రిట్జర్‌ను 1961లో సార్జెంట్ పరీక్షకు కూర్చోనివ్వలేదు, కారణం ఆమె స్త్రీ కావడమే. ఆమె దావా వేసి గెలిచి, 1965లో గెర్‌ట్రూడ్ షిమ్మెల్‌తో పాటు సార్జెంట్ అయింది. లాస్ ఏంజెలెస్‌లో ఫాంచాన్ బ్లేక్ 1973లో తన శాఖ మీదే కేసు వేసింది. అక్కడ స్త్రీలకు సార్జెంట్ దాటి పైకి వెళ్ళే దారే లేదు. ఎత్తు నిబంధన ఎక్కువమంది స్త్రీలను గుమ్మం దగ్గరే ఆపేసేది. ఆమె పోరాటం 1980ల మొదట్లో ఒప్పందంగా ముగిసి, ఆ శాఖ స్త్రీల సంఖ్య పెంచుతానని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈలోగా 1972లో ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టాన్ని రాష్ట్ర, నగర ప్రభుత్వాలకూ వర్తింపజేశారు. అదే సంవత్సరం వాషింగ్టన్‌లో 86 మంది స్త్రీలను గస్తీకి పంపి, 86 మంది మగవాళ్ళతో పోల్చి చూశారు. ఆడవాళ్ళు గస్తీ పని చేయగలరని 1974లో తేల్చారు. అన్ని వేల ఏళ్ళుగా రాత్రింబవళ్ళు కాపలా కాస్తున్నవాళ్ళకు మళ్ళీ పరీక్ష!

అదే కాలంలో కాలేజీల్లోకి డబ్బు ప్రవహించింది. 1968 చట్టం కింద ఫెడరల్ ప్రభుత్వం పోలీసులకూ, పోలీసు కాదలచిన విద్యార్థులకూ రుణాలు, గ్రాంట్లు ఇచ్చింది. కమ్యూనిటీ కాలేజీల్లో కోర్సులు పుట్టగొడుగుల్లా లేచాయి. కానీ తరగతిలో పాఠం చెప్పింది ఎవరు? చాలాచోట్ల రిటైరైన పోలీసులే. 1978లో లారెన్స్ షెర్మన్ తదితరులు తయారుచేసిన నివేదిక ఈ కోర్సుల్ని తప్పుబట్టింది. ఉద్యోగంలో నేర్పేదాన్నే తరగతిలోనూ చెబుతున్నారనీ, ఆలోచన నేర్పడం లేదనీ దాని సారాంశం. ఇంకో పక్క బర్క్‌లీలో పోలీసు వ్యవస్థనే ప్రశ్నించిన రాడికల్ అధ్యాపకులున్న క్రిమినాలజీ విభాగం 1976లో మూతపడింది. పోలీసుల్ని తయారుచేసే చదువు పెరిగింది, పోలీసుల్ని ప్రశ్నించే చదువుకు తలుపు మూశారు. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడమని ఆ పిల్లకు చెప్పాను.

ఆమె అకాడమీలో చేరాక ఇంకొన్ని విషయాలు తెలిశాయి. ఇక్కడి అకాడమీల శారీరక పరీక్షలో ఆరడుగుల గోడ ఎక్కి దూకాలి, 165 పౌండ్ల బొమ్మను ఈడ్చుకెళ్ళాలి. ఆ గోడ గురించి ఆమెకు దిగులు లేదు. "చేతుల బలంతో కాదు ఆంటీ, కాలు ఎక్కడ వెయ్యాలో తెలిస్తే చాలు" అంది. ఆమెను కుంగదీసింది పాఠాల మధ్య వినిపించే జోకులు. 2002లో అనస్తేషియా ప్రోకోస్, ఐరీన్ పదావిక్ ఒక పోలీసు అకాడమీని లోపలి నుంచి పరిశీలించి రాసిన వ్యాసం ఆమెకు తీసిచ్చాను. చట్టాన్ని బోధించే తరగతిలోనే, సిలబస్‌లో ఎక్కడా లేని ఇంకో పాఠం నడుస్తుందని వాళ్ళు చూపించారు. ఆడదాని మీద జోకు, ఆడ శిక్షకురాలి మాటకు విలువివ్వకపోవడం, ఆడవాళ్ళను 'మనలో' కలవనివ్వకపోవడం. మగతనం అక్కడ హాజరు తీసుకోని తరగతి. "నాకే ఇలా అవుతోందనుకున్నాను" అంది ఆమె. ఆ ఒక్క మాట విన్నాక, చరిత్ర ఎందుకు చదవాలని అడిగేవాళ్ళకు ఇదే ఉదాహరణగా చెబుతున్నాను.

2020లో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత కాలిఫోర్నియా 2021లో రెండు చట్టాలు చేసింది. ఒకటి పోలీసు కనీస వయసును 18 నుంచి 21కి పెంచి, కమ్యూనిటీ కాలేజీల్లో కొత్త తరహా పోలీసు డిగ్రీకి రూపకల్పన చేయమంది. రెండోది, తోటి పోలీసు మితిమీరిన బలం వాడితే అడ్డుకోవాలనీ, వెంటనే తెలియజేయాలనీ శాసించింది. 2022లో వచ్చిన ఇంకో చట్టంతో, ఇక్కడ పనిచేసే హక్కు ఉంటే చాలు, పౌరసత్వం లేకపోయినా పోలీసు కావచ్చు. ఇన్ని మార్పుల తర్వాత కూడా అమెరికా పోలీసుల్లో స్త్రీలు ఎనిమిది మందిలో ఒక్కరే. భారతదేశంలోనూ ఇంచుమించు అంతే. దేశానికి పోలీసు అధికారులను తయారుచేసే అకాడమీ 1975 నుంచి హైదరాబాదులోనే ఉంది. అది వచ్చిన మూడేళ్ళకే, అదే నగరంలో రమీజాబీ ఘోరం జరిగింది.

ఆ పిల్ల అడిగినదానికి నా జవాబు ఇది. ఆడవాళ్ళు పోలీసులు కావాలి, అది వాళ్ళ హక్కు. కానీ ఎన్ని గోడలు దూకినా, ఆ రాత్రి నల్లకుంట స్టేషన్‌లో ఉండి ఉంటే పైఅధికారి చేయి పట్టుకుని ఆపగలిగేదా అన్నదే నాకు అసలు పరీక్ష. అడ్డుకోవాలని ఇప్పుడు చట్టం రాసిపెట్టింది. అడ్డుకున్నదాన్ని మర్నాడు ఉద్యోగంలో ఒంటరిని చేయకుండా చూసే పాఠం ఆ 664 గంటల్లో ఎన్నో గంటలో పెట్టారో వెతకమని ఆమెకు చెప్పాను. ఎక్కడా లేకపోతే, అడిగి పెట్టించమన్నాను.