రక్తంలోకి ఎక్కిన ప్లాటినంలో 90 శాతం ప్రొటీన్లకే! కేన్సర్ మందు సిస్‌ప్లాటిన్ కథేంటంటే..

ప్లాటినం అనగానే ఉంగరాలు, నెక్లెస్‌లే గుర్తొస్తాయి. కానీ ఈ లోహంతో తయారైన మందు కేన్సర్ వార్డుల్లో దశాబ్దాలుగా ప్రాణాలు కాపాడుతోంది. దాని పేరు సిస్‌ప్లాటిన్. వృషణాలు, అండాశయం, మూత్రాశయం, ఊపిరితిత్తులు, తల-మెడ కేన్సర్లలో దీన్ని వాడుతున్నారు. అయితే సెలైన్‌తో పాటు నరంలోకి ఎక్కిన ఈ మందు అంతా కణితి దగ్గరకు చేరదు. చాలా భాగాన్ని రక్తంలోని ప్రొటీన్లు దారిలోనే పట్టేస్తాయి. ఓవర్‌డోస్ అయితే డయాలసిస్ కూడా పెద్దగా ఎందుకు పనిచేయదో తెలియాలంటే ఈ సంగతి అర్థం కావాలి.

అనుకోకుండా దొరికిన మందు

ఈ పదార్థాన్ని ఇటలీ శాస్త్రవేత్త మికేలే పెయ్‌రోనే 19వ శతాబ్దంలోనే తయారు చేశారు. కేన్సర్‌తో దానికి సంబంధం ఉందని అప్పట్లో ఎవరికీ తెలియదు. 1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బృందం బ్యాక్టీరియాపై కరెంట్ ప్రభావాన్ని పరీక్షించింది. ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెట్టిన ద్రావణంలో బ్యాక్టీరియా విభజన ఆగిపోయింది. దానికి కారణం కరెంట్ కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినం అని తేలింది. 1978లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుకు అనుమతి ఇచ్చింది.

ప్రొటీన్లకు ఎందుకు అంటుకుంటుంది?

సిస్‌ప్లాటిన్ అణువు మధ్యలో ప్లాటినం, చుట్టూ రెండు అమ్మోనియాలు, రెండు క్లోరైడ్‌లు ఉంటాయి. రక్తంలో ఉప్పు ఎక్కువ కాబట్టి క్లోరైడ్‌లు అంత తేలిగ్గా ఊడవు. కణం లోపల క్లోరైడ్ బాగా తక్కువ. అక్కడ అవి ఊడిపోయి నీటి అణువులు చేరతాయి. ఆ తర్వాత ప్లాటినం డీఎన్ఏను పట్టుకుంటుంది. దాంతో కేన్సర్ కణం విభజన ఆగి చనిపోతుంది.

ఇక్కడే ఓ చిక్కుంది. ప్లాటినానికి గంధకం అంటే మహా మోజు. రక్తంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రొటీన్ అల్బుమిన్. లివర్ తయారు చేసే ఈ ప్రొటీన్‌లో 585 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో 34వ స్థానంలోని సిస్టీన్‌లో గంధకం ఖాళీగా దొరుకుతుంది. మెథియోనిన్‌లలోనూ గంధకం ఉంది. ప్లాటినం వీటికి అంటుకుంటుంది. ఐరన్‌ను మోసే ట్రాన్స్‌ఫెరిన్, గామా గ్లోబ్యులిన్లు కూడా కొంత పట్టేస్తాయి.

మామూలు మాత్రలు కూడా అల్బుమిన్‌కు అంటుకుంటాయి కదా అనే డౌట్ రావచ్చు. అవి బస్సులో ప్యాసింజర్ల లాంటివి.. ఎక్కుతాయి, దిగుతాయి. ప్లాటినం అలా కాదు, వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోతుంది.

రోగికి దీంతో ఏంటి?

3 గంటల పాటు మందు ఎక్కించాక మరో 2 గంటలకే ప్లాస్మాలోని ప్లాటినంలో 90 శాతం ప్రొటీన్లకు చేరిపోతుంది. అల్బుమిన్‌కు అతుక్కున్న ప్లాటినం సగానికి తగ్గాలంటే కనీసం 5 రోజులు పడుతుంది. కేన్సర్‌పై ప్రధానంగా పనిచేసేది అతుక్కోకుండా మిగిలిన ప్లాటినమే. కిడ్నీలపై భారం పడేదీ దానివల్లే. అందుకే ఈ మందుతో పాటు సెలైన్ బాగా ఎక్కిస్తారు.

పొరపాటున డోసు ఎక్కువైతే 4 గంటల్లోపు మొదలుపెట్టినా డయాలసిస్‌తో పెద్ద ఫలితం ఉండదు. ప్రొటీన్‌కు అతుక్కున్న లోహాన్ని ఆ మెషీన్ వడకట్టలేదు. అందుకే డోసును ఒకటికి రెండుసార్లు సరిచూడటం తప్పనిసరి.

మరి మిగతా మందులు?

కార్బోప్లాటిన్‌లో క్లోరైడ్‌లకు బదులు అంత తొందరగా ఊడని భాగం ఉంటుంది. కాబట్టి ప్రొటీన్లకు నెమ్మదిగా అంటుకుంటుంది, ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. అందుకే దీని డోసును కిడ్నీ పనితీరు చూసి లెక్కిస్తారు. ఆక్సాలిప్లాటిన్ మాత్రం ప్రొటీన్లతో పాటు ఎర్ర రక్తకణాల్లోనూ చేరుతుంది. రుథేనియం మందులపైనా పరిశోధనలు జరిగాయి. ట్రాన్స్‌ఫెరిన్‌నే వాహనంగా చేసుకుని కణితికి చేరాలన్నది వాటి వెనక ఉన్న ఆలోచన.

గంధకమే మందుగా..

ప్లాటినానికి గంధకంపై ఉన్న మోజును డాక్టర్లు మేలుకు కూడా వాడుకున్నారు. సిస్‌ప్లాటిన్‌తో పిల్లల్లో వినికిడి తగ్గే ముప్పు ఉంది. దాన్ని తగ్గించేందుకు గంధకం ఉన్న సోడియం థయోసల్ఫేట్‌కు ఎఫ్‌డీఏ 2022లో అనుమతి ఇచ్చింది. శరీరంలో వ్యాపించని గడ్డలున్న పిల్లలకే ఇది వర్తిస్తుంది. కేన్సర్‌పై మందు పని దెబ్బతినకుండా సిస్‌ప్లాటిన్ పూర్తయిన 6 గంటల తర్వాతే దీన్ని ఎక్కిస్తారు.

కీమో తీసుకునేవారిలో చెవుల్లో మోత, మూత్రం తగ్గడం, చేతులు-కాళ్ల తిమ్మిరి కనిపిస్తే తర్వాతి సైకిల్ దాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పాలి. అల్బుమిన్, క్రియాటినిన్ రిపోర్టులు వెంట ఉంచుకోవాలి. ఈ సమాచారం అవగాహన కోసమే.. మందులపై నిర్ణయం చికిత్స చేస్తున్న డాక్టర్‌దే.