ఎండవేడిమి – అతినీలలోహిత కిరణాలు: వలసపాలన కాలపు అపోహలు, శాస్త్రనిర్ణయాలు

వ్యాససంగ్రహం: ఎండలోని వేడిమినీ అతినీలలోహిత కిరణాలనూ ఒకటిగా భావించడం వల్ల వలసపాలన కాలపు ఉష్ణమండల వైద్యంలో నెలకొన్న అపోహలను, ఆ రెండింటినీ వేరుగా చూడటం వల్ల రూపొందిన నేటి రక్షణ పద్ధతులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఎండ, అతినీలలోహిత కిరణాలు, సోలా టోపీ, పరదా, రికెట్స్, డి విటమిన్.

1. ప్రవేశిక

తెలుగులో ‘ఎండ’ అనే మాట వెలుగునూ వేడిమినీ కలిపి సూచిస్తుంది. అనుభవంలో కలిసే ఉండే ఈ రెండింటిని భౌతికశాస్త్రం రెండు వందల ఏళ్ల కిందటే విడదీసింది. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతి వర్ణపటంలో ఎరుపు రంగుకు ఆవల ఉష్ణమాపకాన్ని ఉంచి, కంటికి కనిపించని ఉష్ణకిరణాలను గుర్తించాడు. 1801లో యోహాన్ రిట్టర్ ఊదా రంగుకు ఆవల సిల్వర్ క్లోరైడ్ త్వరగా నల్లబడటాన్ని గమనించి అతినీలలోహిత కిరణాల ఉనికిని నిరూపించాడు. ఎండకు చర్మం ఎర్రగా కమిలిపోవడానికి కారణం వేడిమి కాదని, ఈ కిరణాలేనని 1889లో స్వీడన్ వైద్యుడు విడ్మార్క్ ప్రయోగపూర్వకంగా చూపాడు.

2. బెండుటోపీ రాజకీయం

వలసపాలకుల ఆచరణలో మాత్రం ఈ విభజన నిలవలేదు. 1905లో అమెరికా సైనిక వైద్యుడు చార్లెస్ వుడ్రఫ్ ఉష్ణమండల కాంతి శ్వేతజాతీయులపై చూపే ప్రభావాలను గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. ‘యాక్టినిక్’ కిరణాలు శరీరంలోకి చొచ్చుకొనిపోయి తెల్లవారి నాడీమండలాన్ని క్షీణింపజేస్తాయని, నల్లని చర్మమే సహజరక్షణ అని అందులో వాదించాడు. వడదెబ్బకు కూడా ఈ కిరణాలే కారణమన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. భారతదేశంలోని ఆంగ్లేయులు సోలా టోపీని, వెన్నుపూసపై కప్పుకొనే మెత్తలను ప్రాణరక్షణ సాధనాలుగా భావించారు. ఈ ‘సోలా’కు సూర్యుడితో సంబంధం లేదు. చిత్తడి నేలల్లో పెరిగే మొక్క పేరు అది. టోపీ తయారయ్యేది దాని బెండుతోనే. ఆంగ్లేయులు ఆ మాటను ‘సోలార్’గా మార్చుకోవడం గమనార్హం.

ఈ సిద్ధాంతాన్ని అమెరికా సైన్యం ఫిలిప్పీన్స్‌లో పరీక్షకు పెట్టింది. కాంతిని అడ్డగిస్తాయన్న ఆశతో సైనికులకు నారింజ–ఎరుపు రంగు లోదుస్తులు ఇచ్చారు. వాటివల్ల ప్రయోజనం లేదని, పైగా శరీరంపై వేడిమి భారం పెరిగిందని 1910లో ప్రకటితమైన ఫలితాలు తేల్చాయి. అయినా టోపీ పోలేదు. బర్మాలో పోలీసు అధికారిగా పనిచేసిన జార్జ్ ఆర్వెల్ 1944లో ఈ టోపీని సామ్రాజ్యవాద చిహ్నంగా, మూఢవిశ్వాసంగా విమర్శించాడు. పాలకుడికీ పాలితుడికీ మధ్య శారీరకభేదం ఉందన్న భావనను అది నిత్యం కళ్లకు కట్టేది. అందువల్లనే శాస్త్రం విడిచిపెట్టిన తరువాత కూడా అది తలమీద నిలిచింది.

3. వెలుగు కరవైన ఇళ్లు

ఇదే కాలంలో వైద్యశాస్త్రం కాంతి ప్రయోజనాలను కూడా గుర్తించింది. చర్మక్షయకు కాంతిచికిత్స చేసిన నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించింది. 1919లో బెర్లిన్ వైద్యుడు హుల్డ్‌షిన్‌స్కీ అతినీలలోహిత దీపంతో పిల్లల రికెట్స్‌ను నయం చేశాడు. 1922లో హచిసన్, షా నాసిక్ ప్రాంతంలో జరిపిన పరిశీలన భారతీయ సందర్భంలో మరింత విలువైనది. ఆహారలోపం ఎక్కువగా ఉన్న పేదల పిల్లల్లో కంటే పరదా పాటించే సంపన్న కుటుంబాల్లోనే రికెట్స్ ఎక్కువగా కనిపించింది. ఆరుబయట పనిచేసే తల్లుల వెంట తిరిగిన పిల్లలకు ఎండ తగిలింది. అంతఃపురాల్లోని తల్లీబిడ్డలకు అది దక్కలేదు. వెలుగుకు భయపడిన పాలకులూ, వెలుగుకు దూరమైన స్త్రీలూ ఒకే దేశంలో ఉండటం ఈ చరిత్రలోని వైరుధ్యం.

4. భయం నుంచి కొలతకు

అయితే అతినీలలోహిత కిరణాల హాని అపోహ కాదు. అవి ఎలుకల్లో చర్మక్యాన్సర్ కలిగిస్తాయని 1928లో ఫిండ్లే చూపాడు. సౌరవికిరణం మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లో నిర్ధారించింది. అదే ఏడాది కెనడా అతినీలలోహిత సూచికను ప్రజలకు ప్రకటించడం ప్రారంభించింది. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ దానిని అంతర్జాతీయ ప్రమాణంగా తీర్చిదిద్దాయి. సూచిక 3 లేదా అంతకు మించితే రక్షణ అవసరం. 11 లేదా అంతకు మించితే తీవ్రస్థాయి. ఈ సూచిక ఉష్ణోగ్రతతో ముడిపడినది కాదు. చల్లని గాలి వీస్తున్న రోజున, పలుచని మబ్బు కింద కూడా చర్మం కమలవచ్చు. మనిషి నీడ అతని ఎత్తుకంటే పొట్టిగా ఉన్నవేళ కిరణాల తీవ్రత ఎక్కువ. అప్పుడు నీడ, ఒత్తుగా నేసిన బట్టలు, వెడల్పు అంచు టోపీ, కళ్లద్దాలు ప్రధాన రక్షణలు. ముదురు చర్మంలోని మెలనిన్ క్యాన్సర్ ముప్పును చాలావరకు తగ్గిస్తుంది. కంటిశుక్లాల నుంచి మాత్రం కాపాడదు. పైగా డి విటమిన్ తయారీకి ఆ చర్మానికి ఎక్కువ సమయం కావాలి. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే ఆ ప్రయోజనం దాదాపు లభించదు.

తిరుపతి కేంద్రంగా హరినారాయణ్ బృందం జరిపిన అధ్యయనాల్లో పట్టణవాసుల కంటే గ్రామీణుల్లో డి విటమిన్ స్థాయి మెరుగ్గా ఉన్నట్లు, అయినా రెండు వర్గాల్లోనూ లోపం విస్తృతంగా ఉన్నట్లు తేలింది. ఎండ పుష్కలంగా ఉన్నచోట కూడా అది అందరి శరీరాలకూ చాలినంత అందడం లేదన్నమాట.

5. ముగింపు

ఎండ విషయంలో వలసపాలన కాలపు వైద్యం జాతిని కొలమానంగా తీసుకుంది. పరదా కుటుంబ మర్యాదను తీసుకుంది. రెండూ కిరణాన్ని కొలవలేదు. వడదెబ్బకు వేడిమి, చర్మం కమలడానికి అతినీలలోహిత కిరణాలు కారణమని గుర్తించిన తరువాతే ఎండను అనుభవించడం, ఎండనుంచి కాచుకోవడం పరస్పర విరుద్ధాలు కావని స్పష్టమైంది. తెల్లని చర్మం గల సమాజాలకై రూపొందిన సలహాలను యథాతథంగా స్వీకరించకుండా, వేళ, వృత్తి, చర్మవర్ణం, వస్త్రధారణలను బట్టి నిర్ణయించుకోవలసిన అవసరాన్ని ఈ చరిత్ర సూచిస్తున్నది.